కెరీరంటే బండ్ల తొవ్వ

"జాబ్, వర్క్, కెరీర్, ప్రొఫెషన్... అన్నీ పనే గదా మేడమ్! గిన్ని మాటలెందుకు?"

సాల్మన్ అలా అనడమే ఆలస్యం, కోమల డస్టర్ తీసి బల్ల మీద కొట్టింది. జడ్చర్లలో ఆమె నడిపే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో ఆ సాయంత్రం వానకు మిగిలింది వాళ్లిద్దరే.

"ఒక్కటి కావు. ఆ మాటలు పుట్టినప్పుడు జాబంటే చిన్న ముక్క పని. కెరీరంటే బండ్లు పొయ్యే తొవ్వ. ప్రొఫెషనంటే నలుగురి ముంగట ఒప్పుకునుడు."

"మరి పర్మినెంట్ ఎక్కడ్నుంచి పుట్టింది?"

"మా బాపు నోట్లకెల్లి," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఇద్దరి భయమూ అదే. సాల్మన్ మందుల కంపెనీలో కాంట్రాక్టు పనివాడు. పర్మినెంటయితేనే పిల్లనిస్తానని కోమల తండ్రి ఇస్రాయేలు తెగేసి చెప్పాడు. కాకపోతే షాద్‌నగర్ సంబంధానికి మాటిచ్చేస్తాడు. పర్మినెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ శనివారమే.

ఆ శనివారం ఇంటర్వ్యూలో ముగ్గురు అధికారులు అడిగిన వాటిలో సాల్మన్‌కు గుర్తున్నది ఒకటే: జాబ్‌కూ కెరీర్‌కూ తేడా ఏమిటని. కంగారులో నోటికొచ్చింది చెప్పేశాడు. ముగ్గురూ పగలబడి నవ్వి పంపించారు. పోస్టు ఇంకొకరికి ఇచ్చారని సాయంత్రానికి తెలిసింది.

ఆదివారం చర్చికి పోవాలనిపించకపోయినా బయల్దేరాడు. వానకు బట్టలేవీ ఆరక, ఇంటర్వ్యూ కోసం కొన్న కొత్త చొక్కానే తొడుక్కున్నాడు. వెనక వైపు కప్పు కురుస్తుంటే పోయి ముందు వరసలో కూర్చున్నాడు. కొత్త బట్టలతో ముందు వరసలో కూర్చున్నవాళ్లు కృతజ్ఞత సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, లేచి చెబుతారని అక్కడ లెక్క. కంగారులో ఆ సంగతే మరిచిపోయాడు.

"మన సాల్మన్‌కు దేవుడు మేలు చేసిండు! లేచి చెప్పు బిడ్డా," అన్నాడు పాస్టర్.

"స్తోత్రం!" అన్నారందరూ. ఇస్రాయేలు ముఖం వెలిగిపోయింది.

అవునంటే చాలు, కోమల తనదే. సాల్మన్ లేచి నిలబడ్డాడు.

"నౌకరి రాలె అయ్యగారూ. కెరీరంటే ఏందని అడిగితే బండ్లు పొయ్యే తొవ్వ అన్న."

చర్చంతా గొల్లున నవ్వింది. ఇస్రాయేలు మాత్రం నవ్వలేదు.

"గా పాఠం ఎవరు చెప్పిన్రు నీకు?"

సాల్మన్ జవాబిచ్చేలోపే ఆడవాళ్ల వైపు నుంచి కోమల లేచి నిలబడింది.

"నేనే బాపూ. తప్పు చెప్పలె. షాద్‌నగరోళ్లను రమ్మనకు."

ఇస్రాయేలు బిడ్డను చూశాడు. ఇంకా నిలబడే ఉన్న సాల్మన్‌ను చూశాడు. కోమల కూర్చోలేదు.

"కూసోండ్రి ఇద్దరు," అన్నాడు చివరికి. "సాల్మన్, అబద్ధమాడకుండ నిజమే చెప్పినవు. రేపు మీ నాయినను ఇంటికి తోల్కరా. మాటలు మేం మాట్లాడుకుంటం. మీరిద్దరు మాత్రం నోరు తెరవొద్దు. ఇంగ్లిష్‌ల అసలే వద్దు."