వాన కోసం తవ్విన మట్టి

బెంగళూరులో వాన మొదలైతే చాలు, మా అపార్టుమెంటు వాళ్లకు ఏడుపు మొదలు. ఉతికిన బట్టలు ఆరవంట. బండ్లు కదలవంట. ఆర్డరు పెట్టిన బిరియానీ చల్లారిపోతుందంట. మూడో అంతస్తులో ఒకావిడ ఆకాశాన్ని చూసి, పిలవని చుట్టం వచ్చినట్టు ముఖం చిట్లించి కిటికీ వేసుకుంటుంది. ఆమె ఇంట్లో గిన్నెలు తోముతూ నేను లోపల్లోపలే నవ్వుకుంటాను. కరువు సీమలో, తనకల్లు ఊరి పక్కన మా పల్లెలో వానను చూసి ఎవరైనా అట్లా ముఖం పెడితే ఊరంతా చెప్పు తీసుకుంటుంది.

అందరూ చదువుకున్నవాళ్లే. చెరువు పూడ్చి కట్టిన ఇళ్లని తెలిసే కొన్నారు. వానకాలంలో చెరువు తన చోటికి తాను వస్తే, కాలువలు బాగాలేవని ఫోన్లలో తిట్లు రాసుకుంటారు. మా ఆయన గిరి ఇక్కడ వాచ్‌మన్. కార్లు పెట్టుకునే సెల్లారులోకి దిగే దారి పక్కన మాకొక గది ఇచ్చారు. దాని గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. తడిగోడకు వీపు ఆనించి పడుకోవడం మొదట్లో నాకు సంబరంగా ఉండేది, నవ్వకండి.

మేము ఈ ఊరికి ఎందుకొచ్చామో ముందు చెప్పాలి. లేకపోతే ఆ సాయంత్రం జరిగింది మీకు అర్థం కాదు.

మా అత్త పేరు నల్లమ్మ. పేరే నలుపు, ఒంటి మీద మాత్రం బొల్లి. చేతులు, మెడ, పెదాలు తెల్లబడిపోయాయి. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా ఆమె ముట్టిన చెంబును ఊళ్లో ఎవరూ ముట్టేవాళ్లు కాదు. ఆమె పోయింది, పూడ్చిపెట్టాం. ఆ ఏడు వేసిన వేరుశనగ మొలక మీదే మాడిపోయింది. చచ్చినోళ్ల కళ్లు చారెడంటారు గానీ, మా అత్తకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. బొల్లి ఉన్నవాళ్లను కాల్చకుండా పూడిస్తే ఆ నేల మీద వాన పడదని మా వైపు ఒక నమ్మకం. ఆ మాట పైకి తీసినవాడు బయ్యన్న, ఊరి పెద్ద. ఊరి కిందున్న నీళ్లన్నీ బోర్లేసి తన చీనీతోటకు, అదే బత్తాయి తోటకు, తోడుకున్న మహానుభావుడు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. బయ్యన్నకు రెండూ తెలుసు. నల్లమ్మను తవ్వి తీసి కాలిస్తే మబ్బు పడుతుందన్నాడు. మొదటి దెబ్బ కన్నకొడుకే వేయాలన్నాడు.

"సిగ్గుండాదా నీకు?" అని గిరిని అడిగాను.

"ఊరంతా ఒక మాట మీద ఉండారు మేయ్. నేనొక్కన్ని ఏం జేసేది?" అన్నాడు గిరి.

అని గడ్డపార భుజాన వేసుకుని పోయాడు. తిరునాళ్లకు పోయినట్టు ఊరంతా వెనకాలే పోయింది. తవ్వారు, తీశారు, కిరసనాయిలు పోసి కాల్చారు. వాన రాలేదు. కాల్చిన రోజు దుమ్ముగాలి మాత్రం లేచింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఊరి చుట్టూ ఇంకెవరి సమాధైనా అట్లాంటిది ఉందేమోనని మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. నాకు ఆ ఊరి మీద అసహ్యం పుట్టింది. గిరి మీద కూడా పుట్టింది. కానీ గిరి తప్ప నాకు ఎవరూ లేరు. కన్నవాళ్లు పోయారు, పిల్లలు పుట్టలేదు. పిరికివాడైనా నావాడే అనుకుని మూట కట్టుకుని ఇద్దరం బెంగళూరు బస్సెక్కాం.

ఇక ఆ సాయంత్రం సంగతి. మధ్యాహ్నం నుంచే వాన. చీకటి పడకముందే కరెంటు పోయింది. సెల్లారులోకి నీళ్లు దిగుతుంటే అందరూ పరుగెత్తి కార్లు పైకి తెచ్చుకున్నారు, అపార్టుమెంటు సంఘం సెక్రెటరీ విష్ణువర్ధన్ తప్ప. అతనిది స్టార్టు కాలేదు. మా వైపే, రాప్తాడు దగ్గర భూములున్న ఇంటి పిల్లాడు. మా యాస చెవిన పడితే మాత్రం పుట్టి ఎప్పుడూ విననట్టు ముఖం పెడతాడు. నీళ్లు పోయే తూముకు ఏదో అడ్డం పడింది, దిగి తీయమని గిరికి చెప్పాడు. వాన తగ్గాక తీస్తానని గిరి మెల్లగా అన్నాడు. కారు కొత్తదని విష్ణువర్ధన్ గట్టిగా అన్నాడు. గిరి ప్రాణం పాతది కాబోలు.

"పోవద్దు" అన్నాను.

"పోకుంటే పనిలోనుంచి తీసేస్తాడు మేయ్."

ఒక కట్టె పట్టుకుని, లుంగీ ఎగగట్టి దిగాడు. ఎవరు ఏది చెప్పినా చేసే మనిషే కదా. ఈత కూడా రాదు. ఈత నేర్చుకునేంత నీళ్లు మా వైపు ఎక్కడివి?

నేను దారి మొదట్లో నిలబడి సెల్‌ఫోన్ లైటు చూపిస్తున్నాను. నల్లటి నీళ్లలో మోకాళ్ల దాకా మునిగి గిరి మెల్లగా మూలకు నడుస్తున్నాడు. పైన వాన హోరు. కింద స్తంభాలకు నీళ్లు కొట్టుకునే చప్పుడు. మురుగు వాసన రావాల్సిన చోట వేరే వాసన వచ్చింది. ఎండిన మట్టి వాసన. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుంత తవ్వితే ముక్కుకు కొట్టే వేడి దుమ్ము వాసన. దాని వెనకాలే సన్నగా కిరసనాయిలు.

నాకు భయం వేసింది.

తర్వాత చప్పుడు. దబ్... దబ్... ఇనుము మట్టిలో దిగే చప్పుడు. అక్కడ మట్టి ఎక్కడిది, అంతా సిమెంటు. గిరి చేతిలో ఆ కట్టె తప్ప ఏమీ లేదు.

"యోవ్... పైకి రా" అన్నాను.

గిరి మూలలో ఆగిపోయాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"మేయ్" అన్నాడు నెమ్మదిగా. "ఈడ నీళ్లు లేవు."

మోకాళ్లు మునిగేంత నీళ్లలో నిలబడి అంటున్నాడు ఆ మాట...

"నేలంతా ఎండి ఉండాది" అన్నాడు. తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. నాతో కాదు. తన ముందున్న చీకటితో. "పండుకో అమ్మా... ఈడైతే ఎవురూ తవ్వరు."

నేను ఒక అడుగు ముందుకు వేశాను. లైటు ఒక్క క్షణం స్తంభం మీద పడి మళ్లీ మూలకు వచ్చింది.

గిరి లేడు.

దిగాను. మూల దగ్గరకు పోయేసరికి నీళ్లు పెరిగి నడుముకు వచ్చాయి. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్లలో లేదు. పిలిచాను. అరిచాను. వంగి రెండు చేతులతో నీళ్లలో దేవులాడాను... కారు కింద, స్తంభాల వెనక. చేతికి ఏమీ తగల్లేదు. పైనుంచి గొడుగు పట్టుకుని విష్ణువర్ధన్ అడిగాడు, కారు లోపలికి నీళ్లు పోయాయా అని. ఆ చీకట్లో ఏముందో గానీ, దానికంటే వాడే నాకు నీచంగా కనిపించాడు.

అప్పుడు తూము గుటక వేసింది. నీళ్లు దిగడం మొదలైంది. నడుము నుంచి మోకాలికి... మోకాలి నుంచి మడమకు... బయట వాన మాత్రం ఇంకా దంచుతూనే ఉంది.

లైటు మూలకు తిప్పాను.

సిమెంటు నేల మీద మట్టి కుప్ప. మా ఊరి ఎర్రమట్టి. అత్తను పూడ్చినప్పటిలాగే మనిషి పొడుగున పోసి, పైన రాళ్లు పేర్చి, కుక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పి ఉంది. దాని మీద ఒక్క చుక్క తడి లేదు.

పై మట్టి కదులుతోంది... లేస్తోంది... దిగుతోంది.

నా వెనకాల దిగి వచ్చిన విష్ణువర్ధన్ అది చూసి, కొత్త కారును అక్కడే వదిలేసి పైకి పరుగెత్తాడు. పోతే పోయాడు. నాకు గిరి కావాలి. తవ్వినవాళ్ల మీద ఇన్నాళ్లు మనసులో ఉమ్మేసినదాన్ని, కంప లాగి పారేశాను. రాళ్లు తోసేశాను. రెండు చేతులా మట్టి తోడాను. ముళ్లు గుచ్చుకుంటున్నా ఆగలేదు. మట్టి వెచ్చగా ఉంది. గిరి బతికే ఉన్నాడు... లోపల ఊపిరి వినిపిస్తోంది...

నా చేతులు మోచేతుల దాకా దిగేసరికి మట్టి కదలడం ఆగిపోయింది.

"ఇంగేల తవ్వుతావు అమ్మీ?" అని లోపలి నుంచి గుసగుస వచ్చింది. "వాన వచ్చె గదా."

గొంతు గిరిది. నన్ను అమ్మీ అని పిలిచింది మాత్రం, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి, మా అత్త ఒక్కతే.