కుందుజ్ వాళ్ళింటి బొగ్గు

బడి ఆఖరి గంట కొట్టేసరికి బొగ్గు లారీ మూలుగుతూ పెద్ద రోడ్డు మీద పోతోంది. పిల్లలంతా సంచులు భుజాన వేసుకుని దాని వెనక పరుగు తీశారు. అందరికన్నా ముందు బెర్మెత్.

ఏటా చలి ముదిరే ముందు ఈ లారీ వస్తుంది. సంపాదన చాలని ఇళ్ళకీ, ఒంటరి ముసలివాళ్ళకీ ప్రభుత్వం పంపే బొగ్గు అది. లారీ ఆగిన ప్రతి ఇంటి ముందూ నల్లటి గుట్ట దబ్బున పడుతుంది. ఆ చప్పుడుకి కేకలు పెట్టడం పిల్లలకి మహా సరదా.

బెర్మెత్ వాళ్ళింటి ముందు లారీ ఆగదు. వాళ్ళ నాన్న ఊరికీ నరిన్ అనే పట్నానికీ మధ్య వ్యాను నడుపుతాడు. బొగ్గు వాళ్ళే కొనుక్కుంటారు.

లారీ వంతెన దాటి, చివరి వీధిలో నీలం గేటు ముందు ఆగింది. అది కుందుజ్ వాళ్ళిల్లు. కుందుజ్‌దీ బెర్మెత్‌దీ ఒకటే క్లాసు. నాన్న పోయాక కుందుజ్ అమ్మతో, చిన్న తమ్ముడితో పోయినేడాదే ఈ ఊరొచ్చింది. వాళ్ళమ్మ ఏటి అవతల డెయిరీలో ఆవుల పాలు పితుకుతుంది.

గ్రామ ఆఫీసులో పనిచేసే జోల్దోష్ లారీలోంచి దూకాడు. ఊరి పిల్లలు అతన్ని 'బైకే' అంటారు, అన్నా అని పిలిచినట్టు.

"కుందుజ్ తల్లీ, గేటు తియ్యమ్మా. మీ బొగ్గు వచ్చింది."

సరిగ్గా అప్పుడు బెర్మెత్ నోరు జారింది. ఎందుకు అందో ఆమెకే తెలీదు. చుట్టూ అందరూ ఉన్నారు, ప్రాస కుదిరింది, అంతే.

"సర్కారు బొగ్గు! సిగ్గో సిగ్గు!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇద్దరు అందుకున్నారు. తర్వాత అందరూ అందుకున్నారు. "సర్కారు బొగ్గు! సిగ్గో సిగ్గు!"

"ఏయ్, నోళ్ళు ముయ్యండి!" అని జోల్దోష్ కసిరాడు.

కుందుజ్ గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. మొహం కందిపోయింది.

"మాకు వద్దు," అంది.

"వద్దా?"

"మా ఇంట్లో బొగ్గు ఉంది. పొరపాటున తెచ్చారు. వేరే వాళ్ళకి ఇచ్చెయ్యండి."

"అమ్మ ఉందా ఇంట్లో?"

"అమ్మే చెప్పమంది."

జోల్దోష్ తల గోక్కున్నాడు. "సరే, ఆఫీసు దొడ్లో దింపిస్తాను. మీ అమ్మని నాతో మాట్లాడమను."

లారీ వెనక్కి తిరిగింది. పిల్లలు మళ్ళీ దాని వెనక పడ్డారు. బెర్మెత్ కూడా పరిగెత్తబోయి, ఎందుకో ఒకసారి ఇంటివైపు చూసింది.

కిటికీ వెనక కుందుజ్ తమ్ముడు నిలబడి ఉన్నాడు. మెడ దాకా కోటు, చెవుల మీదకి టోపీ. అద్దం మీద పేరుకున్న మంచుని వేలితో గీకుతున్నాడు. ఆ మంచు అద్దానికి లోపలి వైపు ఉంది.

పొయ్యి వెలిగే ఇంట్లో అద్దానికి లోపల మంచు పట్టదు. అది ఆ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు.

బెర్మెత్ ఇంటికి నడిచే వెళ్ళింది.

మర్నాడు కుందుజ్ బడికి రాలేదు. తమ్ముడికి జ్వరమట, వాడికి తోడుగా ఇంట్లో ఉండిపోయిందట. టీచర్ ఆ మాట చెబుతున్నప్పుడు బెర్మెత్ పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఊరి క్లబ్బులో సమావేశం. జిల్లా ఆఫీసు నుంచి కళ్ళద్దాల ఆవిడ ఒకరు వచ్చారు. వచ్చినవాళ్ళకి టీ పొయ్యడానికి బెర్మెత్ క్లాసు పిల్లల్ని పిలిచారు. బెర్మెత్ చేతికి పెద్ద కెటిల్ ఇచ్చారు.

"బొగ్గు సాయం ఎవరికి ఎలా అందుతోందో మీ నోటితోనే వినాలని వచ్చాను. బాగున్నదీ చెప్పండి, బాగాలేనిదీ చెప్పండి," అన్నారు కళ్ళద్దాల ఆవిడ.

ముందుగా సపార్ తాత లేచాడు.

"మొదటి ఏడాది మార్చిలో పంపారమ్మా! మంచు కరిగి, గొర్రెలు ఈని, మేం కోట్లు విప్పాక వచ్చింది లారీ. ఆ బొగ్గు గుట్ట పక్కన ఎండలో కూర్చుని, దాన్ని చూస్తూ చలి కాచుకున్నాను."

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వేశారు.

"ఇప్పుడు బాగుందిలే," అన్నాడు తాత. "ఏరు గడ్డకట్టక ముందే వస్తోంది. రాత్రి పొయ్యిలో నిప్పు పొద్దున్న దాకా ఉంటోంది. ఈ మోకాళ్ళు మీకు దణ్ణాలు పెడుతున్నాయి."

నలుగురు పిల్లల తల్లి బురుల్ అందుకుంది. "ఇదివరకు చలికాలం వస్తే మేమంతా ఒక్క గదిలోకి చేరేవాళ్ళం. గుమ్మానికి కంబళి వేలాడదీసేదాన్ని. పిల్లలు చేతులకి తొడుగులు వేసుకుని హోంవర్క్ రాసేవాళ్ళు. పోయినేడాది నుంచి రెండు గదులూ వెచ్చగా ఉన్నాయి. మా పెద్దదానికి లెక్కల్లో ఫస్ట్ వచ్చింది. అది బొగ్గు చలవో, దాని బుర్ర చలవో మరి!"

"బొగ్గులో సగం పొడే వస్తోంది," అన్నారెవరో వెనక నుంచి.

"పేడలో కలిపి పిడకలు కొట్టుకోవయ్యా, రాజాలా మండుతాయి!" అంది బురుల్.

బెర్మెత్ కప్పులు నింపుతూ వింటోంది. ఒక్కరి మొహంలోనూ సిగ్గు లేదు. పంటల గురించి, పెళ్ళిళ్ళ గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటున్నారు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడిన ఒకామె మెల్లగా చెయ్యెత్తింది. ఒంటి మీద డెయిరీ కోటు ఇంకా అలాగే ఉంది. కుందుజ్ వాళ్ళమ్మ నుర్జమాల్.

"అందరికీ వచ్చిందంటున్నారు. మా ఇంటికి ఇంకా రాలేదండీ. బాబుకి జ్వరం. పిడకలు అయిపోవచ్చాయి. ఎప్పుడొస్తుందో కనుక్కుందామని..."

"అదేంటమ్మా!" అన్నాడు జోల్దోష్. "నిన్న తెచ్చాంగా. మీ అమ్మాయే వద్దంది. నువ్వే వద్దన్నావని కూడా చెప్పింది."

"నా కూతురా?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. నుర్జమాల్ మొహం పాలిపోయింది. చివర్న ఎవరో కిసుక్కుమన్నారు. బెర్మెత్ పోస్తున్న కప్పు నిండిపోయి, టీ బల్ల మీదకి పొర్లింది.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. బెర్మెత్ నాయనమ్మ లేచి నిలబడింది. ఊల్కన్ అంటే ఆ ఊళ్ళో పెద్ద పేరు. ఆమె చేసిన ఉన్ని తివాచీ లేనిదే పెళ్ళి జరగదు. ఆమె లేస్తే మాట్లాడేవాళ్ళు ఆగుతారు.

"నవ్విందెవర్రా?" అంది. "నుర్జమాల్, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. నీ కూతురిది చిన్న వయసు. ఈ తెలివితక్కువ పని నేను నెత్తి నెరిశాక చేశాను."

"నువ్వా, ఊల్కన్?" అన్నాడు సపార్ తాత.

"నేనే. మా బెర్మెత్ పుట్టిన ఏడు. మా ఆయన గుర్రం మీంచి పడి కాలు విరిగి మంచం పట్టాడు. కొడుకు పనికోసం దూరం పోయాడు. కోడలు పచ్చి బాలింత. పిడకలు చేసే దిక్కు లేదు. లారీ మా గుమ్మం ముందుకొచ్చింది. నేనేమో నడుం మీద చెయ్యి వేసుకుని, మా గడప మీద దానం పడకూడదు, తీసుకుపోండి అన్నాను. ఎంత పొగరో!"

బెర్మెత్ ఈ కథ ఎప్పుడూ వినలేదు.

"ముందు గొర్రెల దొడ్డి కంచె పీకి పొయ్యిలో పెట్టాను. తర్వాత బెంచీ. తర్వాత గడ్డివాము నిచ్చెన. ఇక ఇంట్లో కట్టెలాంటిది ఒక్కటే మిగిలింది. ఉయ్యాల. మా ఆయన ఊగిన ఉయ్యాల, నా కొడుకు ఊగిన ఉయ్యాల. అందులోంచి ఇదిగో, ఈ పిల్లని తీసి కోడలి ఒళ్ళో పెట్టి, గొడ్డలి ఎత్తాను."

నాయనమ్మ చెయ్యి గొడ్డలి పట్టుకున్నట్టు పైకి లేచింది.

"గొడ్డలి దిగలేదు. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. గొడ్డలి అవతల పారేసి, నా మంచి పూల శాలువా కప్పుకుని, పెళ్ళికి పోయినట్టు పోయాను ఆఫీసుకి. నా బొగ్గు ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. ఆ రాత్రి పిల్ల కాళ్ళు బయటపెట్టి పడుకుంది." నాయనమ్మ కళ్ళద్దాల ఆవిడ వైపు తిరిగింది. "చలికి అభిమానం తెలీదమ్మా. ఇదీ నా అనుభవం. కావాలంటే రాసుకోండి."

నుర్జమాల్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నాయనమ్మ తన శాలువా చివర ఆమె భుజం మీద వేసింది. బెర్మెత్‌కి నాయనమ్మ ఎప్పుడూ లేనంత ఎత్తుగా కనిపించింది.

బెర్మెత్ కెటిల్‌ని బల్ల మీద పెట్టేసింది.

"జోల్దోష్ బైకే, కుందుజ్ వాళ్ళ బొగ్గు దొడ్లోనే ఉందా? నేను తీసుకెళ్తాను."

"నీకెందుకే? సాయంత్రం బండి పెట్టి పంపుతాలే."

"సాయంత్రం దాకా ఎందుకు?" అంది బెర్మెత్. "వాళ్ళు వద్దనలేదు. నేను ఎగతాళి చేశాను, అందుకే కుందుజ్ అలా చెప్పింది."

అందరూ చూశారు. నాయనమ్మ కూడా చూసింది. తిట్టలేదు.

"మన మంచుబండి కొట్టం వెనక ఉంది," అంది. "తాడు గట్టిగా కట్టు."

బెర్మెత్ రెండు బస్తాలు నింపేసరికి మోచేతుల దాకా నల్లగా అయింది. మంచు మీద జారే ఆ చక్రాల్లేని బండి మొదట కదలనే లేదు. వంగి, కాళ్ళు తన్ని పెట్టి లాగితే జరిగింది. దార్లో కనిపించిన పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. నిన్న అందరికన్నా గట్టిగా నవ్విన ఎర్కిన్ కాసేపు పక్కన నడిచి, వెనక నుంచి తోయడం మొదలుపెట్టాడు. వంతెన దాకా తోసి, ఆపైన సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

కుందుజ్ తలుపు కాస్తంత తీసింది.

"ఎందుకొచ్చావ్?"

"బొగ్గు తెచ్చాను."

"నిన్నెవరు తెమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. నన్ను తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు. ముందు బకెట్ ఇవ్వు."

కుందుజ్ తిట్టలేదు. లోపల తమ్ముడు దగ్గాడు. ఆమె వెళ్ళి బకెట్ తెచ్చి ఠప్పున గుమ్మంలో పెట్టింది.

బెర్మెత్ పొయ్యిలో బొగ్గు నింపి అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. గదినిండా పొగ.

"మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంది కుందుజ్.

"అమ్మ."

"తెలుస్తూనే ఉంది. జరుగు." కుందుజ్ బొగ్గంతా తీసేసి, అడుగున గడ్డి, దాని మీద మిగిలిన రెండు పిడకలూ పేర్చి వెలిగించింది. మంట లేచాక చిన్న బొగ్గు గడ్డలు ఒక్కొక్కటే వేసింది. "ఇప్పుడు పెద్దవి వెయ్యి. మెల్లగా!"

పొయ్యి గుర్రుమంది. ఇనప రేకు వేడెక్కి టిక్కుటిక్కుమంది. తమ్ముడు కంబళితో సహా పాక్కుంటూ వచ్చి చేతులు చాపాడు. కాసేపటికి కిటికీ అద్దం మీంచి ఒక నీటిచుక్క జారింది.

"కుందుజ్, నిన్న నేను..."

"తెలుసు," అంది కుందుజ్. "నాకు బాగా కోపం వచ్చింది. ఇంకా పోలేదు."

"సరే."

"దొడ్లో ఇంకా ఎంత ఉంది?"

"బోలెడు. నేను తెస్తాలే. ఏటి పక్క దారిన తెస్తాను, ఎవరూ చూడరు."

కుందుజ్ కోటు వేసుకుంది. తమ్ముడి టోపీ సరిచేసి, "పొయ్యి దగ్గరికి మరీ జరగకు, అమ్మ వచ్చేస్తుంది" అని చెప్పింది. బయటికొచ్చి మంచుబండి తాడు అందుకుంది.

"ఏటి పక్కది చుట్టు దారి," అంది. "పెద్ద రోడ్డునే పోదాం."

తాడులో ఒక కొస బెర్మెత్‌కిచ్చి, తను ముందు నడిచింది.