మధ్య సీట్లో సిగ్నల్

మా బండికి ఇంటర్నెట్ పెట్టిస్తానని మావాడు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఏడుగురు పట్టే బండి. ఇంట్లో ఉన్నది ముగ్గురం, నేనూ, నా కొడుకూ, నా మనవరాలు చిట్టెలుకా. ఆ బండి కదిలేదే ఎప్పుడో ఒకసారి, కొండ అవతలి ఆస్పత్రికి. "టైర్లలో గాలి కొట్టించడానికి తీరిక లేదు గానీ, దీనికి వైఫై ఒకటా!" అని సణిగాను. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఎందుకు పెట్టిస్తున్నాడో నాకు తెలుసు. కిందటేడు వానల్లో నా కోడలికి ఛాతీలో పిల్లికూతలతో ఆయాసం ముంచుకొచ్చింది. మధ్య సీట్లో పడుకోబెట్టి కొండ ఎక్కించాం. అవతలి నుంచి అంబులెన్స్ ఎదురొచ్చి ఉంటే సగం దారిలోనే ఆక్సిజన్ అందేది. పిలుద్దామంటే ఎవరి ఫోన్లోనూ సిగ్నల్ లేదు. తనే లేచి, తన ఫోన్ పట్టుకుని కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది, ఒక్క గీతైనా దొరుకుతుందేమోనని. చేతిలో సత్తువ లేదు. ఫోన్ జారి లోయలో పడిపోయింది. "ఇంకెంత దూరం?" అని అడుగుతూనే ఉంది, అడుగుతూనే పోయింది.

ఇప్పుడు ఆ పిల్లికూతలే నా మనవరాలి ఛాతీలోంచి వస్తున్నాయి. అందుకే వాడి ఆరాటం. ఈసారి ఫోన్ కలవలేదన్న మాట రాకూడదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. భారీ మనిషి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. డ్రైవర్ సీటు కింద చిన్న డబ్బా బిగించాడు, బండి పైన యాంటెన్నా పెట్టాడు. "మామూలు ఫోన్‌కి అందని సిగ్నల్‌ని కూడా ఇది లాక్కొస్తుంది పెద్దమ్మా. కొండ మీద కూడా కాల్ కలుస్తుంది. కాకపోతే దీని వైఫై ఈ బండి వరకే. దిగి నాలుగడుగులు వేశారా, తెగిపోతుంది."

"పేరు, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?" అని మావాణ్ణి అడిగాడు.

"ఇంట్లో ఇదివరకు ఉన్నవే పెట్టండి. మళ్ళీ ఒక్కో ఫోన్‌లో కొట్టే పని ఉండదు, వాటంతట అవే కలుస్తాయి."

ఇంట్లో ఇదివరకు వైఫై ఉండేది. కోడలు పిల్లలకు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పేది, తనే పెట్టించింది. తను పోయాక తీయించేశాం.

డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. ఏమేం కలిశాయో మా ట్యాబ్‌లో చూపించాడు. నాన్న ఫోన్. నానమ్మ ఫోన్. చిట్టెలుక ట్యాబ్. ఆ పేర్లన్నీ ఎప్పుడో నా మనవరాలు పెట్టినవే. వాటి కింద ఇంకొకటి వచ్చింది.

అమ్మ ఫోన్.

"ఇది కూడా బండిలోనే ఉందే! సిగ్నల్ నిండుగా చూపిస్తోంది. సీటు సందులో పడిందేమో" అని ఆ మనిషి వంగి వెతికాడు. బిస్కెట్ ముక్కలు దొరికాయి, జుట్టు క్లిప్పు దొరికింది. ఫోన్ లేదు. "పాత ఫోన్ ఏదో అయ్యుంటుంది, తీసేయనా?" అని వేలు పెట్టబోయాడు.

మావాడు అతని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. ఉండనీండి."

ఆ రోజు నుంచి వాడు పని నుంచి రాగానే ఇంట్లోకి రావడం మానేశాడు. బండి తలుపు వేసుకుని, ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చునేవాడు. అద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టేది. ఒకసారి వెళ్ళి తలుపు తీశాను.

"ఇంట్లో పిల్ల నీకోసం చూస్తోందిరా. పోయినదాని కోసం ఉన్నదాన్ని వదిలేస్తావా?"

"గీతలు చూడమ్మా" అన్నాడు మెల్లగా. "నాలుగడుగుల లోపలే ఉంది."

తిడదామని వెళ్ళినదాన్ని, వాడి పక్కన కూర్చుని ఏడ్చాను. కోడలూ నేనూ కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తలుపు దాకా అన్నింటికీ పోట్లాడుకునేవాళ్ళం. నాకు మోకాళ్ళు పట్టేస్తే రాత్రంతా రుద్దింది కూడా అదే. దాని గొంతు వినాలని నాకు మాత్రం ఉండదా?

వానలు మళ్ళీ మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆడుకుంటూనే చిట్టెలుక గోడ పట్టుకుని నిలబడిపోయింది. నోట్లో ఆయాసం పంపు కొట్టాం, తగ్గలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. పిల్లను ఒళ్ళో వేసుకుని మధ్య సీట్లో ఒక చివర కూర్చున్నాను. వాడు బండి తీశాడు.

కొండ ఎక్కేసరికి మంచు కమ్మేసింది. దీపాల వెలుగు రెండు బారల దూరం కూడా పోవడం లేదు. బండి నత్తలా పాకుతోంది. పైన వాన చప్పుడు, లోపల తడిసిన సీటు కవర్ల వాసన. ఆ వాసనలోంచి ఇంకో వాసన... ఛాతీకి రాసుకునే బామ్. కోడలు రాసుకునేది. మేం బామ్ తేలేదు.

"అమ్మా, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు వాడు.

చేశాను. కలవలేదు. వాడి ఫోన్‌తో చేశాను. అదీ అంతే. సీటు కింద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ట్యాబ్ తెరిచి చూశాను. మా ఫోన్లు లేవు. నాన్న లేడు, నానమ్మ లేదు.

ట్యాబ్ పేరు కింద అమ్మ ఫోన్ ఒక్కటే ఉంది.

"ఏమైందమ్మా?"

పిల్ల ఛాతీ మీద చెయ్యి వేశాను. పిల్లికూతలు... లోపలికి... బయటికి. పిల్ల ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

కూతలు ఆగలేదు.

నా పక్కనుంచి వస్తున్నాయి. ఖాళీ సీట్లోంచి. నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"నేను, మీ అత్తనమ్మా..." అని గొణిగాను. "పిల్లనేం చెయ్యకు. నీ బిడ్డే."

మలుపులో ఎదురుగా ఎర్ర దీపం తిరుగుతూ కనిపించింది. అంబులెన్స్! మావాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. అందులోంచి ఇద్దరు దిగి పరిగెత్తుకొచ్చారు. పిల్ల ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి పెదాలకు రంగు వచ్చింది. చిట్టెలుక నా కొంగు పట్టుకుని లాగింది. బతికింది. నా బంగారం బతికింది. అక్కడే రోడ్డు మీద కూలబడి ఆక్సిజన్ పెట్టిన మనిషికి దణ్ణం పెట్టాను.

అతను మాత్రం బండి లోపలికి తొంగి చూస్తున్నాడు. "పేషెంట్ ఏరండీ?"

"ఈ పిల్లే కదా!"

"పిల్ల సంగతి మాకెవరూ చెప్పలేదు. ఫోన్ చేసింది ఎవరో ఆవిడ. ఊపిరాడట్లేదు, మధ్య సీట్లో ఉన్నానంది. ఇంకా లైన్లోనే ఉంది" అని ఫోన్ చాపాడు.

మావాడు అందుకుని చెవికి పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న నాకూ వినిపించింది. ముందు పిల్లికూతలు. తరువాత గొంతు.

"ఇంకెంత దూరం?"

ఏడాదిగా... ఆ తల్లి ఏడాదిగా ఊపిరాడకుండా ఆ సీట్లోనే ఉంది. మేం దాన్ని దింపలేదు.

"వచ్చేశాం" అన్నాడు వాడు. "ఇదిగో, వచ్చేశాం."

నన్నూ పిల్లనూ అంబులెన్స్ ఎక్కించి, వాడు బండిలో మా వెనకే వచ్చాడు. ఆస్పత్రి దాకా వెనక అద్దంలోంచి ఆ దీపాలనే చూస్తూ కూర్చున్నాను. గుమ్మం ముందు ఆపి, వాడు లోపలికి పరిగెత్తి స్ట్రెచర్ కావాలన్నాడు. అక్కడి పనివాళ్ళిద్దరు ఖాళీ బండిని చూశారు, వాడి ముఖం చూశారు. పాపం అనుకున్నారో ఏమో, ఒకడు ఒంటి చేత్తో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళాడు, రెండోవాడు జేబుల్లో చేతులు పెట్టుకుని వెనకే నడిచాడు.

మావాడు మధ్య తలుపు తెరిచాడు. వంగి, రెండు చేతులూ లోపలికి చాపాడు.

వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. స్ట్రెచర్ మీద ఏమీ లేదు. తెల్ల దుప్పటి, అంతే. మెట్ల పక్కనున్న వాలు ఎక్కించడానికి పనివాళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని, వంగి, బలమంతా పెట్టి తోస్తున్నారు.