మెలిపెట్టిన బెల్టు

పొద్దున్నే వడ్రంగి పట్టడ తలుపు తీసిన పొన్నుతాయి గడపలోనే ఆగిపోయింది.

నిన్నటిదాకా తిన్నగా ఉన్న ఇంజను బెల్టు మధ్యలో మెలితిరిగి ఉంది. అంటే ఇవాళ మిషను ఎదురు దిక్కున తిరుగుతుంది.

1934లో మగ్గాల మీద నూలును అటూ ఇటూ నడిపే నాడెలు చెక్కాలంటే కోవిల్‌పట్టిలో ఆమె నాయన గురుసామే. ఆ నాడెలకు గాడి తియ్యడానికి కొత్తగా మిషను కొన్నాడు. బల్ల నడుమ నిలువు ఇరుసు, దానికి రెండు కత్తులు. బిగించడానికి విరుదునగరం నుంచి పాలసామి వచ్చాడు. వచ్చిన రోజే అతను హెచ్చరించాడు.

"చెక్క కత్తికి ఎదురెళ్ళాలి. కత్తి తిరిగే వైపే తోశారో, చెక్కను లాక్కుంటుంది. వెనకే వేళ్ళు."

నాయన అలవాటుగా కుడి నుంచి ఎడమకు తోస్తే?

ఆమె వెనకే వచ్చిన పాలసామి ఇంజను వైపు నడిచాడు. ఆమె అడ్డం నిలబడింది.

"ముట్టద్దు. బెల్టు మెలేసిందెవరు?"

"నేనే."

దాచకపోవడం ఇంకా అనుమానంగా తోచింది.

"మిషన్లమ్మే మీ మొదలాళీ నాడెలు కూడా అమ్ముతాడంట. మా నాయన వేళ్ళు తీసి రమ్మన్నాడా?"

"ఆయనకంత బుర్రే ఉంటే మీకు మిషను అమ్ముతాడా?"

"నవ్వద్దు. వారంగా నాయన చేతులే చూస్తా ఉండారు."

"మిమ్మల్ని చూస్తే బాగుండదు గదా."

ఆమె చెవులు వేడెక్కాయి. అతను గొంతు తగ్గించాడు.

"ఆయనది ఎడమచేతి వాటం."

అది ఇంటి గుట్టు. ఎడమచేత్తో చెక్కిన నాడె పెళ్ళిచీరకు పనికిరాదని ఎవరో అన్నప్పటినుంచి, పరాయివాళ్ళ ముందు నాయన ఉలి కుడిచేత్తోనే పట్టేవాడు.

"ఎవరు చెప్పినారు?"

"ఉలి పిడి. ఎడమ బొటనవేలి కింద అరిగింది. నిన్న కుడిచేత్తో తోస్తుంటే ఆయన చెయ్యి కత్తి దాకా జారింది. అందుకే రాత్రి మార్చాను. ఇక ఎడమ నుంచి కుడికి తోయాలి."

"కత్తులు?"

"అవీ తిరగేశా. నట్టు వదులు కాకుండా పైన ఇంకోటి బిగించా."

ఆమె నమ్మలేదు. ఇంజను ఆగే ఉందని చూసుకుని, ఇరుసును చేత్తో తిప్పింది. కత్తి వాదర ఎడమ నుంచి వచ్చే చెక్కకు ఎదురుగానే తిరిగింది.

"ఆయనకెందుకు చెప్పలేదు?"

"దాచుకున్న మాట ముఖాన ఎట్లా అడిగేది? మీకు చెబుదామంటే మీరు దొంగను చూసినట్టు చూస్తిరి."

వెనక దగ్గు వినిపించింది. గురుసామి అంతా విన్నాడు. ఎవరివైపూ చూడకుండా వచ్చి, ఎడమచేత్తో తోపుడు కర్ర అందుకున్నాడు.

"ఇంజను వెయ్యి, తంబీ."

చెక్క కుదుపు లేకుండా సాగింది. గాడి నున్నగా వచ్చింది. పొన్నుతాయి పాలసామి వైపు తిరిగింది.

"నాకూ నేర్పండి. నాది కుడిచెయ్యి."

"అయితే బెల్టూ కత్తులూ రోజూ అటూ ఇటూ మార్చాల. అందుకొక మనిషి ఇక్కడే ఉండాల."

"ఉండమనే చెప్తా ఉండాను."

గురుసామి గాడిని బొటనవేలితో తడిమి చూసుకుంటూ అన్నాడు.

"మీ అమ్మను ఒకసారి రమ్మను, తంబీ. ఈ సంగతి పెద్దవాళ్ళం మాట్లాడుకోవాల."