కురోసె ప్రభువు శిరస్సు

శరదృతువు ముగిసి కొండల మీద తొలిమంచు దిగుతున్న ఆ వేకువన, కురోసె దుర్గం చుట్టూ లోయ నిండా అరిమత్సు కగెమోరి సేనలు విడిసి ఉన్నాయి. నదికి ఈ ఒడ్డున అశ్వదళం, ఆ ఒడ్డున తుపాకుల వరుసలు, వెనుక కొండవాలు పొడుగునా వెదురుగడలకు కట్టిన తెల్లని పతాకలు. ముక్కచెక్కలైన జపాను దేశాన్నంతటినీ ఒకే గొడుగు కిందికి తెస్తానని కత్తి దూసి బయలుదేరిన మహాసామంతుడు కగెమోరి. ఆ గొడుగు నీడ ఎంత చల్లనిదో ఆస్థాన కవులు వర్ణించారు గానీ, దాని కర్ర పాతిన చోటల్లా ఎన్ని ఇళ్ళలో పొయ్యి ఆరిపోయిందో వర్ణించడానికి వారికి తీరిక చిక్కలేదు. ఆయన దారిలో మిగిలిన చివరి చిన్న రాజ్యం కురోసె.

దానికి ప్రభువు ఇనాబె తదామిచి. ఇరవయ్యారేళ్ళవాడు, మెత్తని మనసువాడు. ఆయనకు కుడిభుజం సేనాపతి షిగెహారు. పురిటిలోనే తల్లిని పోగొట్టుకున్న తదామిచి, షిగెహారు తల్లి పాలు తాగి పెరిగాడు. ఆ పాల చలవో ఏమో, ఎత్తులోనూ భుజాల తీరులోనూ నడకలోనూ ఇద్దరూ ఒక్కలాగే ఉండేవారు. వెనుక నుంచి చూసి దాసీలు పొరబడేవారు. అయితే నోరు తెరిస్తే చాలు, ఎవరెవరో తెలిసిపోయేది. ఆ దేశంలో గొప్ప వంశాలవారు ఇనుము నానవేసిన నీటితో పళ్ళకు నల్లరంగు పెట్టుకునేవారు. తెల్లని పళ్ళు మోటువారి గుర్తని వారి పట్టింపు. ముట్టడిలో తాగునీటికి కటకటలాడిన రోజుల్లోనూ తదామిచి ఆ అలంకారం మానలేదు. షిగెహారు మాత్రం ఆ జోలికే పోలేదు. "నా పళ్ళు అన్నం నమలడానికి, ప్రభూ. వాటికి సింగారం దేనికి?" అని తెల్లగా నవ్వేవాడు.

ఇద్దరి మధ్య పామై చేరినవాడు మంత్రి మునెహిదె. తదామిచి తండ్రి చేతి అన్నం తిని పెద్దవాడైన ఆ మంత్రికి, తదామిచి కూర్చున్న పీఠం మీద కన్నుపడింది. రెండేళ్ళ కిందట కగెమోరి సంధికి ఒప్పుకొని, మాట తప్పకుండా ఉండేందుకు ఒక మనిషిని తన వద్ద బందీగా ఉంచమని కోరినప్పుడు, మునెహిదె సభలో లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, మన సేనాపతి భార్య కినుయె దేవిని పంపడం ఉచితమని ఈ ముసలివాని విన్నపం. తమ ఖడ్గం ఆయన చేతిలో ఉంది. ఆ ఖడ్గమే సంధికి కట్టుబడి ఉందని కగెమోరికి నమ్మకం కుదరాలి కదా!"

సభ తలలూపింది. కినుయె మారు మాట లేకుండా పల్లకి ఎక్కింది. భర్త పక్కన నడుస్తూంటే తెర తొలగించి, "నా ప్రాణం అడ్డుపెట్టి ఎవరైనా మిమ్మల్ని ఏదైనా అడిగితే, నేను అప్పటికే లేననుకోండి" అంది. షిగెహారు పొలిమేర దాకా పల్లకి కొమ్ము పట్టుకునే నడిచాడు.

అటు సంధి పత్రం మీద తడి ఆరకముందే, మునెహిదె కగెమోరితో లోపాయికారీగా బేరం కుదుర్చుకున్నాడు. సమయం చూసి కోట తలుపు తీస్తాడు. తదామిచి శిరస్సు కగెమోరి ముందుకు చేరిన నాడు కురోసె మునెహిదెకు దక్కుతుంది. ప్రభువు ప్రాణాలతో తప్పించుకుంటే మాత్రం ఏమీ దక్కదు.

ఏదో వంకతో సంధి చెడింది. యుద్ధం వస్తే బందీని చంపడం ఆచారం. కగెమోరి చంపలేదు. దయతో కాదు, పనికొస్తుందని. ముట్టడి మొదలైన నాడు అతని దూత కోటగోడ కిందికి వచ్చి, "షిగెహారూ! తలుపు తీస్తే నీ ఇల్లాలు బతుకుతుంది" అని కేకవేశాడు.

"ఆమె నాకు సెలవు చెప్పిన నాడే నీకు జవాబు చెప్పి వెళ్ళింది. పో!" అన్నాడు షిగెహారు గోడ మీద నుంచి. ఆ మాట అన్నవాడు గోడ దిగి గుర్రపుశాలలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

తూర్పు తెల్లబడుతూండగా మునెహిదె నదివైపు తలుపు తీయించాడు. సేనలు వరదలా లోపలికి వచ్చాయి. బురుజు పైఅంతస్తులో తదామిచి పొట్ట చీల్చుకొని చనిపోవడానికి కత్తి చేత పట్టి కూర్చున్నాడు. నెత్తురోడుతున్న భుజంతో షిగెహారు మెట్లెక్కి వచ్చి ఆ కత్తి లాక్కున్నాడు.

"అన్నా, వీరుడిలా చావనియ్యి" అన్నాడు తదామిచి.

"తలుపు తీయించిన మునెహిదె రేపు ఎలాగూ ఈ పీఠం ఎక్కుతాడు. ఈ నేలను నమ్మి బతికిన రైతుల మీద, చచ్చిన మనవాళ్ళ పిల్లల మీద పెత్తనం చేస్తాడు. తమరు బతికి ఉన్నంతకాలం ఈ పీఠానికి అసలు హక్కుదారు మిగిలే ఉంటాడు. తమరు చనిపోయారనుకుంటే ఎవరూ వెతకరు, ఆ శిరస్త్రాణం ఇలా ఇవ్వండి. తమ కవచం నేను తొడుక్కుంటాను. వంటశాల వెనుక సొరంగం నుంచి కొండ మీది బౌద్ధాశ్రమానికి వెళ్ళండి."

"నా పేరుతో నువ్వు చస్తే నీ పేరు ఏమవుతుంది? సేనాపతి ఏడని అడగరా?"

షిగెహారు కవచం తాళ్ళు బిగించుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. సమురాయ్‌కి చావు పెద్ద విషయం కాదు. పేరు పోవడమే చావు. "పారిపోయాడంటారు" అన్నాడు. "అననివ్వండి."

ప్రభువును సొరంగంలోకి నెట్టి, బురుజుకు తన చేత్తోనే నిప్పు పెట్టి, ఇనాబె వంశపు కొమ్ముల శిరస్త్రాణంతో షిగెహారు మెట్ల మీద నిలబడ్డాడు. మెట్లు ఎక్కినవాళ్ళెవరూ దిగలేదు. చివరకు మండుతున్న దూలం విరిగి మీద పడితే గానీ ఆయన నేలకూలలేదు. అప్పుడు ఒక సైనికుడు వచ్చి శిరస్సు నరికి, 'కురోసె ప్రభువు' అని చీటీ కట్టి తీసుకుపోయాడు.

అంతా ఆలోచించిన ఆ మహావీరుడు ఒక్కటి మరిచిపోయాడు. పళ్ళు.

గెలిచిన శిబిరంలో శత్రువుల తలలను కడిగి, జుట్టు దువ్వి, ముడివేసి, ఏలిక ముందు పరీక్షకు పెట్టడం ఆ కాలపు ఆనవాయితీ. ఆ పని ఆడవాళ్ళది. గొప్ప ఇంటి మర్యాదలు తెలిసినదని కినుయెను కూడా అందులో పెట్టారు. ఆ ఉదయం ఆమె ముందుకు వచ్చిన తల ముఖం సగం కాలి, కమిలి, పోల్చలేనట్టుగా ఉంది. చీటీ చూసి ఆమె చేతులు జోడించి, గోరువెచ్చని నీళ్ళు పోసి, చెవి వెనుక మసి కడిగింది.

అక్కడ చిన్న గాటు.

కొత్తకాపురంలో యోధుల ఆచారం ప్రకారం భర్త నడినెత్తీ చెవుల పక్కలా గొరుగుతూంటే ఆమె చేతిలో కత్తి జారి పడిన గాటు అది. ఆనాడు ఆమె ఏడిస్తే, "నువ్వు పెట్టిన గుర్తు, పోనివ్వను" అన్నాడాయన. కినుయె వేళ్ళు ఆ గాటు మీద ఆగిపోయాయి. పక్కన ఆడవాళ్ళు ఉన్నారు. వాకిట కాపలావాళ్ళు ఉన్నారు. చీటీ వైపు చూసింది. కాలిన పెదవుల మధ్య తెల్లగా కనిపిస్తున్న పళ్ళ వైపు చూసింది. భర్త ఏం చేశాడో, ఏం మరిచాడో ఆమెకు అర్థమైపోయింది.

"ఏమ్మా, ఆగిపోయావు?" అంది పక్కనున్న ముసలామె.

"ప్రభువుగారి పళ్ళ రంగు చెదిరింది. ఈ రూపంలో పరీక్షకు పెడితే మర్యాదగా ఉండదు" అంది కినుయె. ఇనుప నీటి గిన్నె దగ్గరికి లాక్కొని, కుంచె ముంచి, ఒక్కో పన్నూ నల్లగా చేసింది. తనను చూసి నవ్విన ఆ తెల్లని నవ్వును తన చేతులతోనే చెరిపేసింది. చిగుళ్ళకు అంటిన రంగును గుడ్డ కొసతో తుడిచింది.

పరీక్షలో కగెమోరి ఎత్తైన పీఠం మీద కూర్చున్నాడు. శిరస్సును పళ్ళెంలో ఎదుట పెట్టారు. మునెహిదె ముందుకు వంగి పరకాయించి చూశాడు. అతని కళ్ళలో అనుమానం తొంగిచూసింది.

"మహాప్రభూ, ఈ ఇద్దరికీ ఒడ్డూ పొడవూ ఒకటే. ముఖం కాలింది గనుక రూపు చూసి చెప్పలేం. షిగెహారు పళ్ళకు రంగు పూసి ఎరగడు. నోరు తెరిపించండి."

తెరిపించారు. నల్లగా ఉన్నాయి. మునెహిదె గుండె కుదుటపడింది. కానీ కగెమోరి తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కినుయెను పిలిపించాడు.

"అమ్మా, నువ్వు ఆ కోటలో బతికినదానివి. ఇది ఎవరి శిరస్సు?"

"మా ప్రభువు ఇనాబె తదామిచిది" అంది కినుయె.

"మరి నీ భర్త ఏడి? చచ్చినవాళ్ళలో కనిపించలేదు. ఆయన చావలేదంటావా?"

ఆమె తల వంచుకుంది. ఎదుట పళ్ళెంలో ఉన్నాడు ఆయన. ఆయన వినేటంత దగ్గరలో ఆమె ఆ మాట అనాలి.

"పారిపోయి ఉంటాడు, దొరా" అంది. "నా భర్తకు మొదటి నుంచీ ప్రాణభయం."

సైనికులు పకపకా నవ్వారు. మునెహిదె అందరికంటే గట్టిగా నవ్వాడు. కగెమోరి కినుయె వైపు తిరిగి, "ఇలాంటివాణ్ణా నీ ప్రభువు నెత్తిన పెట్టుకున్నాడు! పో, నీ ప్రభువు కోసం ఏడువు, అనుమతి ఇస్తున్నాను" అన్నాడు. కినుయె శిరస్సు ముందు సాష్టాంగపడి, గుండెలు పగిలేటట్టు ఏడ్చింది. ఆడది ఇంతలా ప్రభుభక్తితో ఏడవడం తాను చూడలేదని కగెమోరి మెచ్చుకుని, ఆమెను విడిచిపెట్టమన్నాడు.

మాట ప్రకారం కురోసె మునెహిదెకు దక్కింది. శిరస్సును ఇనాబె వంశపు శ్మశానంలో పూడ్చి, తదామిచి పేరు చెక్కిన రాయి నిలిపారు. పిరికిపంద షిగెహారు పేరును అతని ఇంటి వంశావళి నుంచి కొట్టేశారు. ఊళ్ళో పిల్లలు ఆ పేరు పెట్టి ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. కినుయె జుట్టు తీయించుకొని సన్యాసిని అయి, ఆ సమాధి పక్కన గుడిసె వేసుకుంది. రోజూ రాయి కడిగి, పూలు పెట్టేది. "మొగుడు పారిపోతేనేం, ఈవిడది గొప్ప మనసు" అని జనం చెప్పుకునేవారు.

ఏళ్ళు గడిచాక ఒక శరత్కాలంలో ఎవరో సన్యాసి కొండ దిగి సమాధి దగ్గరికి వచ్చాడు. పళ్ళ నలుపు ఎప్పుడో పోయింది. కినుయె ఆయన్ని నడకను బట్టి గుర్తుపట్టింది. తన భర్త నడకే అది.

"కినుయె తల్లీ, ఇంక భరించలేను" అన్నాడు తదామిచి. "ఊళ్ళోకి వెళ్ళి నిజం చెబుతాను. అన్న పేరు అన్నకు ఇప్పిస్తాను."

"చెబితే మునెహిదె సైనికులు సాయంత్రానికల్లా తమ శిరస్సు తీసుకుపోతారు" అంది కినుయె. "అప్పుడు ఆయన ఊరకే చచ్చినట్టవుతుంది. తమరు బతికి ఉండటమే ఆయన పేరు, ప్రభూ. అబద్ధం ఆడి నేను ఎత్తుకున్న బరువు ఇది, నన్నే మోయనివ్వండి."

అటుగా వెళ్తున్న కట్టెలవాళ్ళు ఆగి చూస్తున్నారు. తదామిచి మోకరిల్లాడు. రాయి మీద తన పేరే ఉంది. జపమాల తిప్పుతూ ఆయన మృతులకు చదివే మంత్రం పైకే చదివాడు. చనిపోయినవారి పేరు పలకవలసిన చోట మాత్రం గొంతు బాగా తగ్గించి, కినుయెకు ఒక్కతెకే వినిపించేలా, 'షిగెహారు' అని పలికాడు.