దీపం ముందు, మనిషి ఎనక

ఆగండి! ఒక్క క్షణం... వినండి.

ఠాప్!

వినపడిందా? టపాకాయ కాదది. పిస్తోలు!

మిట్టమధ్యాహ్నం. ద్రాక్ష పందిళ్ల కింద మౌనిక పరుగెత్తుతోంది. కాళ్లకు చెప్పుల్లేవు. చేతుల నిండా రక్తం...

ఆమెది కాదు. నాయనది!

ఇప్పుడే, పళ్లు పిండే తొట్టి దగ్గర, నరసింహప్ప ఛాతీలోకి బుల్లెట్ దించాడు కేశవ. సొంత తమ్ముడు! తొట్టిలో రసం ముందే ఎరుపు. ఇంకా ఎర్రబడింది.

"నిలబడు పాపా!" వెనక నుంచి కేశవ అరుపు. "తోట సోలారు కంపెనీవోళ్లకు ఇచ్చేద్దాం, సంతకం పెట్టు! మీ నాయన పెట్టనన్నాడు. పోయినాడు. నువ్వు?"

"హర్షను యాడ పెట్టినావు చిన్నాయనా?"

"నీ తమ్ముడా? రేకుల కింద ఉడుకుతాండాడు! పొద్దు గూకేదాకా బతకడు. సంతకం పెడితే చెప్తా!"

ఠాప్!

చెవి పక్కనే గుత్తి పగులుతుంది. కళ్లలో రసం... మంట!

రేకుల కింద... మోటరు షెడ్డు! తోటలో రేకులున్నది దానికొక్కదానికే. పొద్దున కేశవ జీపు ఆగిందీ అక్కడే!

రాతిగుంజ చాటున ఎవరో ముడుచుకుని కూర్చున్నారు. సుంకమ్మ. పళ్లు కోయడానికొచ్చిన కూలి.

"సుంకక్కా! గడ్డపార తీసుకో. మోటరు షెడ్డు తాళం పగలగొట్టు. హర్ష ఆడే ఉండాడు!"

"నువ్వో?"

"ఈయప్ప సంగతి నేను చూస్తా. పో!"

మౌనిక నేలమాళిగ వైపు దూకుతుంది. నాయనకు నాయన, జేజినాయన బయ్యన్న తవ్వించిన మాళిగ. మూడు తరాలుగా పురుగుమందు చుక్క తగలని తోట. దాని పళ్లు కింద పీపాల్లో బుసబుసా పులుస్తున్నాయి. పులిసేటప్పుడు విషగాలి వదులుతాయి. వాసన ఉండదు. నేలను అంటుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరిగినంతసేపు భయం లేదు.

పొద్దుటి నుంచి కరెంటు లేదు!

గూట్లో బుడ్డి దీపం. "దీపం ముందు, మనిషి ఎనక" అనేవాడు జేజినాయన. మౌనిక వెలిగించి తాడుతో కిందికి దించుతుంది. సగం మెట్లు కూడా దాటలేదు...

ఆరిపోయింది!

చాలు. దీపాన్ని పైకి లాగి మెట్టు మీద పెడుతుంది. తన ఫోన్ కిందికి విసురుతుంది. గోనెసంచుల మీద మెత్తగా పడుతుంది. ఆమె తలుపు వెనక నక్కుతుంది.

అడుగులు. దగ్గరగా...

"ఎలక మాదిరి బొక్కలో దూరినావా పాపా?"

కేశవ ఆమె నంబరు నొక్కుతాడు. మాళిగ అడుగున ఫోన్ మోగుతుంది! నవ్వుతాడు. మెట్టు మీది దీపాన్ని కాలితో తంతాడు.

"ఇంకా ఈ బుడ్డేనా? మా నాయన చాదస్తం!"

ఫోన్ టార్చి వేస్తాడు.

టార్చి ఆరదు. విషగాలి ఉన్నా ఆరదు!

దిగుతున్నాడు. ఇంకా దిగుతున్నాడు...

"పా... పా..."

ఒక దగ్గు.

దబ్!

టార్చి వెలుగుతూనే ఉంది. కేశవ బోర్లా పడి ఉన్నాడు. పిస్తోలు పట్టుకున్న చెయ్యి ఛాతీ కింద ఇరుక్కుంది. వీపు ఇంకా కదులుతోంది... కొంచెం కొంచెంగా.

మౌనిక గోడకు జారగిలబడుతుంది. అయిపోయింది!

"మౌనికమ్మా!"

సుంకమ్మ. పరుగెత్తుకొస్తోంది. ఒక్కతే!

"తాళం పగలగొట్టినా తల్లీ... ఆడ ఎవురూ లేరు! వట్టి మోటరే ఉండాది!"

హర్ష ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ కింద చచ్చిపోతున్నాడు!

టక్!

గోడ మీద ఎర్రలైటు. కరెంటు వచ్చింది!

ఫ్యాన్ స్విచ్ మీద మౌనిక వేలు. గాలి మారేదాకా ఆమె కిందికి దిగే వీల్లేదు. మారిందంటే ముందు కళ్లు తెరిచేది కేశవే. చేతిలో పిస్తోలుతో!

వెయ్యకపోతే... ఏ రేకుల కిందో హర్ష.

చెప్పండి. మీరైతే ఆ స్విచ్ వేస్తారా?