జలుబు చేసిన గిటార్

"మీ గిటార్‌కి జలుబు చేసినట్టుంది."

హెడ్‌ఫోన్లలో వినబడిన ఆ మాటకి అతని వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. అద్దం అవతల రికార్డింగ్ బల్ల ముందు కూర్చున్న అమ్మాయి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అతన్నే చూస్తోంది.

"ఏమన్నారు?"

"జలుబండీ. ముక్కుతో మాట్లాడుతోంది. తీగలు మార్చి ఎన్నాళ్ళయింది?"

"నిన్ననే మార్చాను."

"అయ్యో! అయితే జలుబు కాదు, ఇంకేదో పెద్ద జబ్బే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అతనిది కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం. దాంతో బ్యాండులోని స్నేహితులు 'డాక్టర్' అని పేరు పెట్టేశారు. నెమ్మదస్తుడు. తనని ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటాడు. కానీ ఆ ఎర్ర గిటార్ తాతయ్యది. తాతయ్య ఒళ్ళో కూర్చుని, వేళ్ళు అందని వయసులో దాని మీదే సరిగమలు నేర్చుకున్నాడు. దాన్ని అంటే మాత్రం ఊరుకోలేడు.

"ఇది మా తాతయ్యది, పాతకాలం సెమీ హాలో అండీ. ఇలాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవు."

"దొరుకుతాయి. మా దగ్గరే ఒకటుంది," అంటూ ఆమె లేచి గోడకి తగిలించిన పెట్టె తీసుకుని లోపలికి వచ్చింది.

పెట్టెలోంచి గోధుమరంగు గిటార్ బయటికి వచ్చింది. అంచుల్లో ముదురుగా, నడుమకి వచ్చేసరికి తేనెలా. అతని గిటార్‌కి సొంత తోబుట్టువులా ఉంది. అదే కంపెనీ, అదే కాలం, ఛాతీకి అటూ ఇటూ అవే ఎఫ్ అక్షరాల్లాంటి రంధ్రాలు. రెండూ పక్కలంతా బోలు, నడుమ మాత్రం గట్టి చెక్క దిమ్మ. బోలుతనం వల్ల గొంతుకి గాలి తగులుతుంది, దిమ్మ వల్ల ఆ గొంతు నిలబడుతుంది. సెమీ హాలో అందమంతా అందులోనే ఉంది.

"ఈ రోజు పాటకి దీంతో వాయించండి. మీది తర్వాత చూద్దాం."

"ఎందుకు? ముందు రెండూ పోల్చి చూద్దాం."

"సరే, చూద్దాం. అదే యాంప్, అదే ట్యూన్. మీటలు ఒక్కటి కూడా ముట్టుకోను."

ముందు ఎర్రది వాయించాడు. దాని మెడ నిండుగా ఉంటుంది, అరచేతిలో కుదురుగా కూర్చుంటుంది. దుప్పటి కప్పుకుని మాట్లాడే పెద్దమనిషిలాంటి గొంతు. వెచ్చగా ఉంటుంది గానీ, నాలుగు తీగలు కలిపి మీటితే మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇన్నాళ్ళూ అది అతనికి లోపంగా అనిపించలేదు.

తర్వాత గోధుమరంగుది అందుకున్నాడు. మెడ సన్నం, చెయ్యి ఖాళీగా అనిపించింది. కానీ మొదటి స్వరం మీటగానే ఎవరో గదిలో కిటికీ తెరిచినట్టయింది. తీగలన్నీ కలిపి మీటినా ఏ తీగ గొంతు ఆ తీగదే. ఆఖరి స్వరం తొందరపడకుండా, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళే మనిషిలా సన్నగిల్లింది.

"ఎలా ఉంది?" అంది ఆమె.

"మెడ సన్నగా ఉంది. చేతికి ఆనడం లేదు."

"నేనడిగింది చేతిని కాదు, చెవిని."

"బాగుంది," అన్నాడు, పన్ను పీకించుకుంటున్న మనిషిలా మొహం పెట్టి.

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "చేతికి మీదే బాగుంటుంది," అంది మెల్లగా. "ఇందాక మీరు దాన్ని పట్టుకున్న తీరులోనే తెలిసింది. మా దాని మెడ పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టుంటుంది నాకు."

ఆ ఒక్క మాటతో అతని కోపం సగం కరిగింది. పాట గోధుమరంగు గిటార్‌తోనే రికార్డయింది. చక్కగా వచ్చింది కూడా. అతను తన గిటార్ సర్దుకుంటూ హెడ్‌ఫోన్లు తియ్యడం మరిచిపోయాడు. అవతలి గదిలో ఆమె మోచెయ్యి మైకు బటన్ మీద ఆనివుంది. స్టూడియో యజమాని, ఆమె పెదనాన్న, గొంతు వినబడింది.

"చిట్టీ, ఆ ఎర్ర గిటార్ ఎలాగైనా మనం కొనెయ్యాలి. ఆ అబ్బాయిని నువ్వడిగితే కాదనడు."

"అడగచ్చులే పెదనాన్నా. కానీ..."

టక్కుమని శబ్దం ఆగిపోయింది.

'ఓహో, ఇదన్నమాట సంగతి' అనుకున్నాడు. ముందు జలుబన్నారు, తర్వాత మెచ్చుకున్నారు, ఇక బేరం మొదలుపెడతారు. చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం వాన దంచికొడుతుంటే కళ్ళజోళ్ళ దుకాణం తలుపు తోసుకుని ఆమె లోపలికి వచ్చింది. కళ్ళజోడు నిండా నీళ్ళు, ఆవిరి.

"నమస్తే అండీ, చూపు పరీక్ష చేయించుకోవాలి," అంది ఎదురుగా ఉన్న మనిషితో.

ఆ మనిషి పలకలేదు. ఎలా పలుకుతాడు? కళ్ళజోడు ప్రకటన కోసం నిలబెట్టిన అట్టబొమ్మ.

"ఇటండీ," అన్నాడు అతను, నవ్వు ఆపుకోలేక.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, అట్టబొమ్మని చూసి, అతన్ని చూసి, "పరీక్ష అవసరమే అని ఇప్పుడు నమ్మకం కుదిరింది," అంది.

కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మార్చసాగాడు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"రెండోది. కాదు కాదు, మొదటిది. ఇంకోసారి పెట్టండి."

"తేడా లేకపోతే లేదని చెప్పచ్చు."

"మీరు గిటార్ల దగ్గర నసిగినదానికంటే నయం కదా!"

చిన్న టార్చి వేసి ఆమె కంట్లోకి చూడాల్సి వచ్చింది. రోజూ ఎంతమంది కళ్ళు చూస్తాడో! ఎప్పుడూ ఇలా ఊపిరి ఎటు వదలాలో తెలియని పరిస్థితి రాలేదు.

"కదలకండి," అన్నాడు.

"నేను కదలడం లేదు. మీ టార్చే వణుకుతోంది."

బయట వాన ఇంకా జోరందుకుంది. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని, తలవంచుకుని చెప్పింది. "నిజానికి సారీ చెబుదామని, మీ బ్యాండు వాళ్ళని అడిగి తెలుసుకుని వచ్చాను. మీ తాతగారి గిటార్‌ని అలా అనకుండా ఉండాల్సింది. నాకు వినబడింది వినబడినట్టు అనేస్తాను, ఇంట్లో కూడా రోజూ తిట్లే."

అతని మనసు మెత్తబడింది. ఏదో మంచిమాట చెప్పబోయాడు. అంతలో ఆమె, "ఒక్కసారి ఆ గిటార్‌ని నాకు దగ్గరగా చూపిస్తారా? మీ ఇంటికే వస్తాను," అంది.

ఇదీ బేరం కోసమే అనుకున్నాడు. "ఆదివారం రండి," అన్నాడు పొడిగా. కొత్త అద్దాల చీటీ చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె ఏం పొరపాటు మాట్లాడానా అనుకుంటూ కాసేపు అట్టబొమ్మ పక్కనే నిలబడి, వానలోకి నడిచింది.

ఆదివారం ఉదయం గోధుమరంగు గిటార్ భుజాన వేసుకుని వచ్చింది. అతని అమ్మ టీ పెట్టింది. నాయనమ్మ ముందుగదిలో బఠానీలు ఒలుస్తూ, వచ్చిన పిల్లని ఆపాదమస్తకం చూసి, "ఇంత సన్నగా ఉన్నావు, అంత బరువు ఎలా మోశావే తల్లీ?" అంది.

"లోపల సగం బోలే కదండీ నాయనమ్మగారూ, బరువుండదు."

"మా ఆయన బుర్ర కూడా అంతే. అందుకే కాబోలు ఆయనకీ ఆ గిటార్‌కీ అంత బాగా కుదిరింది."

ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. "మీరు చూడాల్సింది చూడండి," అన్నాడు.

"చూడటం కంటే వినడం ముందు. నాయనమ్మగారు గోడ వైపు తిరిగి కూర్చుంటే, మీరు రెండూ వాయించండి. తాతగారిది ఏదో ఆవిడ చెబుతారు."

అతనికి ఈ మాట నచ్చింది. ఇంట్లో జీవితమంతా ఆ గొంతు విన్న మనిషి కదా, ఎలా పొరబడుతుంది? ఈ జలుబు గొడవ ఇవాళ్టితో తేలిపోతుంది.

తాతయ్యకి ఇష్టమైన ట్యూను ముందు ఎర్రదాని మీద, తర్వాత గోధుమరంగుదాని మీద వాయించాడు. నాయనమ్మ బఠానీలు ఒలవడం ఆపేసింది. రెండోది సగంలో ఉండగానే చెయ్యెత్తింది.

"ఇదే! ఇదే మీ తాతయ్యది."

అతని మొహం పాలిపోయింది. "నాయనమ్మా, సరిగ్గా విన్నావా? ఇది వాళ్ళది."

"నాకు తెలీదా ఏమిటి? పెళ్ళికి ముందు మా ఎదురింటి మేడ మీద రోజూ ఇదే గొంతు. ఈ గొంతు వినే కదా నేను పడిపోయింది! ఆయన మొహం చూసి అనుకున్నావా?"

ఆ అమ్మాయి మాత్రం ముందుకి జరిగి, "తర్వాత గొంతు మారిందా నాయనమ్మగారూ?" అని ఆత్రంగా అడిగింది.

"మారింది. పెద్ద హాళ్ళలో బ్యాండుతో వాయించడం మొదలుపెట్టాక. సౌండు పెంచితే కుక్కలా ఊళపెడుతోందని గొణుక్కునేవాడు. ఏదో చేశాడు, ఊళ ఆగింది. గొంతూ మారింది. అదేమిటయ్యా అంటే, నీ చెవులు ముసలివయ్యాయి అన్నాడు. అప్పటికి నాకు ముప్పై కూడా లేవు!"

ఆమె కళ్ళు మెరిశాయి. "డాక్టర్ గారూ, మీ టార్చి ఉందా? చిన్న పట్టకారు కూడా?"

ఎర్ర గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, ఎఫ్ రంధ్రంలోకి టార్చి వేసింది. అతను వంగి చూశాడు. లోపల బూడిదరంగులో ఏదో కుక్కి ఉంది. పట్టకారుతో అంచు పట్టుకుని మెల్లగా లాగింది. ఉన్ని బట్ట బయటికి వస్తూనే ఉంది. ఆ రంధ్రంలోంచి ఒక పొడవాటి ముక్క, రెండోదాన్లోంచి ఇంకొకటి. "ఊళ ఆపిన మందు ఇదే!" అంది.

"నా శాలువా!" నాయనమ్మ లేచి నిలబడింది. బఠానీలు నేలంతా దొర్లాయి. "రైల్లో మరిచిపోయావు అన్నాడు! నేను నిజంగానే మరిచిపోయాననుకుని స్టేషన్ దాకా వెళ్ళి అడిగాను! ఎంత దొంగ మనిషి!" తిడుతూనే ఆ ఉన్ని ముక్కల్ని గుండెకి హత్తుకుంది. ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో అక్కడ ఎవరికీ తెలియలేదు.

అతను ఎర్ర గిటార్ అందుకుని మీటాడు. దుప్పటి తొలగిపోయింది. గదిలో కిటికీ తెరుచుకుంది. తన చేతికి అలవాటైన ఆ నిండు మెడలోంచి, తనకి అలవాటులేని ఆ గాలి. నాలుగు స్వరాలు వాయించి ఆపేశాడు.

"బాగాలేదా?" అంది ఆమె.

"బాగుంది. చాలా బాగుంది. కానీ... నేను పెరిగింది ఆ జలుబు గొంతుతో అండీ. తాతయ్య అంటే నాకు అదే."

ఆమె ఆ ఉన్ని ముక్కల వైపు చూసింది. తర్వాత, "అయితే మళ్ళీ పెట్టేద్దాం," అంది. "ఇది ఒప్పు, అది తప్పు అని ఏం లేదు. మీకు ఏ గొంతు కావాలంటే అదే దాని గొంతు. ఆ రోజు నేను తొందరపడ్డాను."

"ఏం పెడతారు? నా శాలువా నేనివ్వను," అంది నాయనమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

అందరూ నవ్వారు. అతనికి మాత్రం నవ్వు మధ్యలో ఆ పాత మాట గుచ్చుకుంది. ఇక దాచుకోలేకపోయాడు.

"ఉండనివ్వండి. ఇలా ఉంటేనే మీ పెదనాన్నగారికి ఇంకా నచ్చుతుంది. అడగాల్సింది అడిగేయండి. నేను అమ్మను."

ఆమె తెల్లబోయింది. "ఏంటి?"

"ఆ రోజు మీ మైకు ఆన్‌లో ఉంది. అడగచ్చులే అన్నారు."

"అందుకా చెప్పకుండా వెళ్ళిపోయారు? అందుకా దుకాణంలో మొహం మాడ్చుకున్నారు?" ఆమె లేచింది. కోపంతో కళ్ళజోడు మళ్ళీ జారింది. "ఆ 'కానీ' తర్వాత నేనేమన్నానో విన్నారా?"

"ఆగిపోయింది."

"చక్కగా ఆగింది! కానీ, ఆ గిటార్ మనం కొనేస్తే ఆ అబ్బాయి ఇక ఇటువైపు రాడు పెదనాన్నా, కాబట్టి అసలు అడగనే అడగను అన్నాను."

అన్నాక గానీ తనేం అన్నదో ఆమెకి తెలియలేదు. చటుక్కున కూర్చుని, లేని దుమ్మేదో గోధుమరంగు గిటార్ మీద తుడవడం మొదలుపెట్టింది.

అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "గిటార్‌ లేకుండా కూడా వస్తాను," అన్నాడు మెల్లగా. "రమ్మంటే."

"గిటార్‌తోనే రండి," అంది తలెత్తకుండానే. "మీరొక్కరే వస్తే పెదనాన్నకి ఏం చెప్పను?"

అతను తాతయ్య ట్యూను మళ్ళీ మొదలుపెడితే, ఆమె తన గిటార్ ఎత్తుకుంది. చీపురులాంటి మెడ అని తిట్టుకుంటూనే అతని ట్యూను వెనకాల స్వరాలు అందించింది. రెండు గొంతులూ ఒకే ఇంట్లో పుట్టినవే అయినా ఒకటి కాదు. ఎర్రది కొంచెం బరువుగా, గోధుమరంగుది కొంచెం చురుగ్గా మాట్లాడుకుంటున్నాయి. నాయనమ్మ శాలువా ముక్కలు భుజాన వేసుకుని వింటోంది.

ట్యూను పూర్తయ్యేసరికి వాళ్ళమ్మ వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, మీ పెదనాన్నగారి నంబరు చెప్పమ్మా."

అతను కంగారుపడ్డాడు. "అమ్మా, గిటార్ అమ్మనని చెప్పాను కదా!"

"గిటార్ గురించి మాట్లాడతానని నేనెప్పుడన్నాన్రా?" అంది వాళ్ళమ్మ.

ఆ అమ్మాయి కళ్ళజోడు పైకి తోసుకుని, సిగ్గుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నంబరు చెప్పడం మొదలుపెట్టింది.